నాన్న ఫీల్డ్‌లో ఉన్నప్పుడు రెండేళ్ల పిల్లతో ఇల్లు నడపడం ఎలా

ఇది ఆర్మీలో సిపాయిలుగా, నాయక్‌లుగా, హవల్దార్లుగా ఉన్నవాళ్ల భార్యల కోసం రాస్తున్నాను, అందులోనూ ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలున్నవాళ్ల కోసం. మా పాపకి రెండేళ్లు దాటాయి, మా ఆయన ఇప్పుడు ఫీల్డ్‌లో, అంటే ఫ్యామిలీని తీసుకెళ్లే వీల్లేని పోస్టింగ్‌లో ఉన్నారు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం లాంటి ఊళ్లో పుట్టినవాళ్లకి ఇవన్నీ ఎవరూ చెప్పక్కర్లేదు, రెండు ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ అక్కడ మిలటరీకి మనిషిని పంపని ఇల్లు తక్కువ, ఏ డౌటొచ్చినా పక్కింటి పెద్దమ్మని అడిగితే సరిపోతుంది. మిగతా ఊళ్లలో అలా కాదు. మా వీధిలో ఫౌజీ ఇల్లు మాదొక్కటే, పార్ట్ టూ ఆర్డర్ (పెళ్లి, బిడ్డ పుట్టడం లాంటివి ఆర్మీ రికార్డులోకి ఎక్కించే కాగితం) అంటే ఏంటో మా పుట్టింట్లో గానీ అత్తగారింట్లో గానీ ఎవరికీ తెలీదు. అలాంటి ఇళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

రెండేళ్ల పిల్లకి ఆరు నెలలంటే తెలీదు, బోర్డర్ అంటే తెలీదు, లీవ్ అంటే అసలే తెలీదు. రోజూ ఒకే వేళకి జరిగేది మాత్రం బాగా తెలుస్తుంది. కాబట్టి నాన్న ఇంట్లో లేకపోయినా పాప రోజులో ఆయనకంటూ ఒక వేళ, ఒక పని ఉండేలా చూడటమే మన చేతిలో ఉన్నది. మిగతావన్నీ దాని తర్వాతే.

ఆయన వెళ్లకముందే కాగితాలు

బిడ్డ పుట్టగానే బర్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి, 21 రోజుల్లోపు నమోదైతే ఏ గొడవా ఉండదు. ఆ సర్టిఫికెట్ యూనిట్‌లో ఇస్తే బిడ్డ పేరు మీద పార్ట్ టూ ఆర్డర్ పడుతుంది, అది రికార్డ్ ఆఫీస్‌కి వెళ్తుంది. ఆ ఆర్డర్ పడేవరకు ఆర్మీ లెక్కలో ఆ బిడ్డ లేనట్టే. డిపెండెంట్ కార్డు రాదు, మిలటరీ హాస్పిటల్‌లో ఇబ్బంది, రేపు స్కూల్ ఫీజుల అలవెన్స్ క్లెయిమ్ చేయాలన్నా ఇబ్బందే.

ఇక్కడ మనవాళ్లకి ఎక్కువగా తగిలే దెబ్బ పేరు స్పెల్లింగ్. మన ఇంటిపేర్లు పొడుగు, ఒక్కో చోట ఒక్కోలా రాస్తారు. ఆయన సర్వీస్ రికార్డులో తన పేరు, మీ పేరు ఏ అక్షరాలతో ఉన్నాయో ముందు చూసుకుని, అచ్చం అలాగే హాస్పిటల్‌లో రాయించండి. "లక్ష్మి" చివర ఒక్క అక్షరం తేడా వచ్చినా అఫిడవిట్టు, నోటరీ, మళ్లీ యూనిట్‌కి పోస్టు, ఇలా నెలలు గడిచిపోతాయి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్నవాళ్లు, మార్చుకోనివాళ్లు ఇద్దరూ ఇది చూసుకోవాల్సిందే. పిల్లలకి ఐదేళ్ల లోపు వేలిముద్రలు లేకుండానే నీలం రంగు ఆధార్ ఇస్తారు, దాని మీదా అవే అక్షరాలు ఉండాలి.

ఒక ఫైలు పెట్టుకోండి. పార్ట్ టూ ఆర్డర్ కాపీ, డిపెండెంట్ కార్డు, బర్త్ సర్టిఫికెట్, ఆధార్‌లు, టీకాల కార్డు, క్యాంటీన్ స్మార్ట్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్. ఆయన నంబరు, ర్యాంకు, యూనిట్ పేరు, పోస్టల్ అడ్రస్ (కేరాఫ్ 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ అని ఉంటుంది) ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి అందులోనే పెట్టండి. ఫోన్‌లో ఫొటోలున్నాయి కదా అనుకోకండి, పిల్ల ఫోన్ కింద పడేసిన రోజే అన్నీ కావాల్సొస్తాయి. ఆయన ఫోన్ కలవకపోతే ఎవరికి చేయాలో కూడా వెళ్లకముందే అడిగి రాసుకోండి: ఆయన కంపెనీలో సీహెచ్‌ఎమ్ (కంపెనీ హవల్దార్ మేజర్) నంబరు, యూనిట్ ఫీల్డ్‌కి వెళ్లినా వెనక ఉండిపోయే రియర్ పార్టీ నంబరు, అదే యూనిట్‌లో ఉన్న తెలుగువాళ్ల ఇంట్లో ఒకరి నంబరు.

జమ్మూ కశ్మీర్ వైపు పోస్టింగ్ అయితే సిమ్ సంగతి ముందే చూసుకోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ అయితే పనిచేస్తాయి. ఇది తెలియక రైలు దిగినప్పటి నుంచి ఫోన్ మూగబోయి, ఇక్కడ ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకున్న సందర్భాలు నేను చాలా విన్నాను.

ఎక్కడ ఉండాలి

ఫీల్డ్‌కి ఫ్యామిలీని తీసుకెళ్లనివ్వరు. అత్తగారిల్లు, పుట్టిల్లు, లేదంటే కంటోన్మెంట్‌లో ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాలకి ఇచ్చే క్వార్టర్, ఈ మూడే దారులు. ఆ క్వార్టర్లకి వెయిటింగ్ ఉంటుంది, పోస్టింగ్ ఆర్డర్ చేతికొచ్చిన వెంటనే అప్లై చేయించండి.

నన్నడిగితే చంటిపిల్ల ఉన్నప్పుడు సాయం చేసే మనిషి ఎక్కడుంటే అదే ఇల్లు. మీ అమ్మ మోకాళ్ల నొప్పులతో ఉండి, అత్తగారు ఓపికగా ఉంటే అత్తగారిల్లే మేలు, అటుదిటైతే పుట్టిల్లు. ఊరేమనుకుంటుందో అని తేల్చుకునే విషయం కాదిది. కానీ ఎక్కడున్నా ఒకచోట కుదురుగా ఉండండి. నెల ఇక్కడ, నెల అక్కడ తిప్పితే పాపకి నిద్ర కుదరదు, తిండి కుదరదు, అసలే నాన్న లేడు.

టీకాలు ఊళ్లోనే వేయించుకోవచ్చు. 9 నెలలకి మొదటి ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా, 16 నుంచి 24 నెలల మధ్య రెండో ఎంఆర్, డీపీటీ బూస్టర్, పోలియో బూస్టర్. ఊళ్లు మారేవాళ్లకి ఆ రెండో విడతే తప్పిపోతుంటుంది, పుట్టింటి దగ్గర ఏఎన్‌ఎమ్ అత్తగారి ఊళ్లో వేసేశారనుకుంటుంది, అక్కడివాళ్లు ఇక్కడ వేశారనుకుంటారు. కార్డు మీ చేతిలో ఉంటే ఏ ఊళ్లోనైనా వేస్తారు. అంగన్‌వాడీలో పేరు రాయించండి, బాలామృతం కోసమే కాదు, మూడేళ్ల లోపు పిల్లని కూడా నెలనెలా తూకం చూసి రాస్తారు, నాలుగు ముఖాలు అలవాటవుతాయి.

మిలటరీ హాస్పిటల్ దగ్గర్లో ఉందో లేదో తెలుసుకోండి. సికింద్రాబాద్ తిరుమలగిరిలో పెద్ద మిలటరీ హాస్పిటల్ ఉంది, గోల్కొండలో ఒకటి ఉంది, విశాఖలో నేవీ వాళ్ల ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి ఉంది. ఈసీహెచ్‌ఎస్ అనేది రిటైరైనవాళ్ల వైద్య పథకం, సర్వీస్‌లో ఉండగా మనకి మిలటరీ హాస్పిటలే. రాత్రిపూట జ్వరానికి వంద కిలోమీటర్లు వెళ్లలేం కదా, అందుకని ఊళ్లో ఒక పిల్లల డాక్టర్ని ముందే చూసి పెట్టుకోండి.

ఫోన్‌లో నాన్న

రెండేళ్ల లోపు పిల్లలకి స్క్రీన్ వద్దని పిల్లల డాక్టర్లు చెప్తారు, కానీ ఇంట్లోవాళ్లతో వీడియో కాల్‌ని అందులోంచి మినహాయించారు. కాబట్టి ఆ విషయంలో ఎవరేమన్నా పట్టించుకోకండి. చిక్కు ఎక్కడంటే, మనం ఆ కాల్‌ని పరీక్షలా చేసేస్తాం. "నాన్నకి ముద్దు పెట్టు, నాన్నకి పాట పాడు, నాన్న అను, ఏదీ అను." పిల్ల ఫోన్ విసిరేసి పారిపోతుంది, అక్కడ ఆయన ముఖం చిన్నబోతుంది.

అలా కాకుండా ఆయనకి పాప రోజులో ఒక పని అప్పజెప్పండి. మా ఇంట్లో అది రాత్రి అన్నం. రోల్‌కాల్ అయ్యాక ఆయనకి వీలవుతుంది, అప్పటికి నేను పప్పన్నం మెత్తగా పిసికి నెయ్యి వేసి కలిపి ఉంచుతాను. ఫోన్‌ని మంచినీళ్ల చెంబుకి ఆనించి నిలబెడతాను, పాప పీట ఎత్తుకి సరిగ్గా ఆయన ముఖం వచ్చేలా. ఆయన అక్కడ తన పళ్లెం తనూ పెట్టుకుని కూర్చుంటారు. "నాది రొట్టె, నీదేంటి?" అంటారు. పాప వేలు పప్పులో ముంచి చూపిస్తుంది. ఆయన నోరు తెరిస్తే ఇదీ నోరు తెరుస్తుంది, ఆ సందులో నేనో ముద్ద పెట్టేస్తాను. ఒక్కోసారి ఇద్దరూ మాట్లాడుకోరు కూడా, తింటారంతే. పాప లేచి వెళ్లిపోతే వెళ్లనిస్తాను, ఆయన ఆ ఖాళీ పీట వంక చూస్తూ కూర్చోకుండా నాతో మాట్లాడతారు, కాసేపటికి అదే వచ్చి మధ్యలో దూరుతుంది. ఐదు నిమిషాలైనా చాలు, వేళ మాత్రం మారకూడదు.

నెట్‌వర్క్ ఉండని చోట్లు ఉంటాయి, వారాల తరబడి. దానికి సిద్ధంగా ఆయన వెళ్లకముందే చిన్న చిన్న వీడియోలు తీసి పెట్టుకోండి, ఒక్కోటి అర నిమిషం మించకుండా. పొద్దున లేవగానే పలకరించేది ఒకటి, అన్నం తినమని ఒకటి, ముక్కేది చెవేది అని ఆడించేది ఒకటి, జోకొట్టేది ఒకటి. ప్రతి దాంట్లోనూ పాప పేరు రెండు మూడుసార్లు పిలవాలి. వాటిని పెన్‌డ్రైవ్‌లో కూడా దాచండి. ఫోన్ కలవని రోజున అదే వేళకి, అదే చోట ఆ వీడియో పెట్టండి. అటు నుంచి నెట్‌వర్క్ దొరికినప్పుడు ఆయన చూసుకోవడానికి మీరు కూడా పాపవి పంపుతూ ఉండండి, పుట్టినరోజు కేకులవి కాదు, మామూలువి: చెప్పులు తిప్పి వేసుకోవడం, మేకని చూసి కుక్క అనడం, పాలు ఒలకబోయడం. ఆయన లీవ్‌కి వచ్చినప్పుడు పాప ఏ మాట ఏ అర్థంతో అంటుందో ఆయనకి తెలిసుండాలి.

ఫొటో విషయంలో ఒక మాట. చాలా ఇళ్లలో యూనిఫారంలో ఉన్న ఫొటో ఫ్రేము కట్టించి గోడకి పైన పెడతారు. రెండేళ్ల పిల్లకి అది కనపడదు, కనపడినా టోపీ, మీసం తప్ప ఇంకేం గుర్తుండదు. లుంగీలోనో టీషర్టులోనో పాపని ఎత్తుకుని ఉన్న ఫొటో ఒకటి లామినేషన్ చేయించి, దాని కళ్ల ఎత్తులో, బీరువాకో ఫ్రిజ్‌కో అతికించండి. నాకుతుంది, పీకుతుంది, చేతిలో పట్టుకుని తిరుగుతుంది. మంచిదే.

ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

"నాన్న ఏడి?" అని అడిగితే ఒకటే జవాబు, ఇంట్లో అందరూ ఒకేలా: "నాన్న డ్యూటీలో ఉన్నాడు, డ్యూటీ అయ్యాక ఇంటికొస్తాడు." "రేపొస్తాడు" అనకండి, ఆ పూట ఏడుపు ఆపడానికి కూడా. తేదీ అసలే చెప్పకండి. లీవ్ సాంక్షన్ అయినా సరే, మనిషి రైలెక్కేవరకు అది లీవ్ కాదని ఫౌజీ ఇళ్లలో అందరికీ తెలుసు. పాపకి చెప్పాల్సింది ఆయన ఢిల్లీ దాటాక.

"అల్లరి చేస్తే నాన్నకి చెప్తా" అనే బెదిరింపు కూడా వద్దు. ఎప్పుడో ఒకసారి వచ్చే మనిషిని పోలీసుని చేసేస్తే వచ్చినప్పుడు దగ్గరికి ఎలా వెళ్తుంది?

అన్నిటికంటే కష్టం చుట్టాల వేళాకోళం. "మీ నాన్న నిన్నొదిలేసి వెళ్లిపోయాడుగా, నాతో వచ్చెయ్" అని నవ్వుతారు. వాళ్ల మనసులో చెడు ఏమీ ఉండదు, కానీ పిల్ల దాన్ని నిజమనుకుంటుంది, ఆ రాత్రి మన కొంగు వదలదు. వయసులో పెద్దవాళ్లకి మనం చెప్తే బాగోదనిపిస్తే ఆయనతో ఫోన్‌లో చెప్పించండి. "పెద్దమ్మా, పాపతో ఆ మాట అనకు, నాకు బాధగా ఉంటుంది" అని కొడుకు వరసవాడు అంటే ఎవరూ తప్పుపట్టుకోరు, మళ్లీ అనరు కూడా.

టీవీ. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజుల్లో మన తెలుగు ఛానళ్లలో పొద్దస్తమానం సైరన్ల మోత. పాపకి ఆ వార్త అర్థం కాదు, మన ముఖం అర్థమవుతుంది, మన ఊపిరి అర్థమవుతుంది. అలాంటి రోజుల్లో ఇంట్లో టీవీ కట్టేయమని మావయ్యగారినైనా సరే గట్టిగా అడగండి, వార్తలు చూడాలంటే పక్కింట్లో చూసి రమ్మనండి. వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి, యూనిట్ నుంచి వచ్చిందే కబురు. అలాగే ఆయన ఎక్కడున్నారో, ఎప్పుడు కదులుతున్నారో స్టేటస్‌లో పెట్టకండి, యూనిఫారంలో ఉన్న ఫొటో కూడా. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమని 2020లోనే ఆర్మీ తనవాళ్లకి చెప్పింది, ఆ జాగ్రత్త ఇంట్లోవాళ్లకీ వర్తిస్తుంది. ఎవరైనా కొత్తవాళ్లు ఫోన్ చేసి ఆఫీస్ నుంచి అంటూ వివరాలు అడిగితే పెట్టేయండి.

లీవ్‌కి వచ్చినప్పుడు

జవాన్లకి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్, 30 రోజుల క్యాజువల్ లీవ్ ఉంటాయి, అది కూడా ముక్కలుగా, యూనిట్ వీలుని బట్టి. అంత ఆశతో వచ్చిన మనిషిని చూసి పాప గుక్కపెట్టి ఏడిస్తే ఆయనకి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎనిమిదో నెల, తొమ్మిదో నెల నుంచి కొత్త ముఖాల భయం ఉంటుంది, రెండేళ్లకీ పూర్తిగా పోదు. ఫోన్‌లో అరచేయంత కనపడే నాన్న వేరు, గుమ్మంలో ఆరడుగుల ఎత్తున, గట్టి గొంతుతో నిలబడ్డ మనిషి వేరు. ఇది ఆయనకి ముందే ఫోన్‌లో చెప్పి పెట్టండి.

వచ్చిన రోజు ఎత్తుకోవద్దని చెప్పండి. స్నానం చేసి, ఫొటోలో ఉన్నలాంటి బట్టలేసుకుని, నేల మీద కూర్చోమనండి. ముందు మీరు ఆయనతో మామూలుగా మాట్లాడండి, నవ్వండి. పాప మీ భుజం మీంచి చూస్తుంది, దిగుతుంది, ఆయన చెప్పు తెచ్చి ఇస్తుంది, మళ్లీ పరిగెత్తి మీ దగ్గరికొస్తుంది. రాత్రి అన్నం ఆయనతో అలవాటైన ఇళ్లలో, ఆ వేళకి ఆయన్ని పీట పక్కన కూర్చోబెడితే చాలా పని దానంతటదే అయిపోతుంది. రెండు మూడు రోజులు ఇలా వదిలేయమని అత్తయ్యగారికి కూడా చెప్పండి, "వెళ్లవే, నాన్న దగ్గరికి వెళ్లవే" అని తోస్తూ ఉంటే ఇంకా బిగుసుకుపోతుంది.

తర్వాత స్నానం ఆయనకి అప్పగించండి. నూనె రాయడం, నలుగు పెట్టడం, నీళ్లు పోయడం, తుడవడం అన్నీ ఆయనే. నీళ్ల వేడి చూపించి మీరు పక్కకి వెళ్లిపోండి. పాప ఏడ్చినా, జుట్టు సరిగ్గా ఆరకపోయినా, గౌను వెనక్కి ముందుకి తొడిగినా మాట్లాడకండి.

మన దగ్గర లీవ్ అంటే పెళ్లిళ్లు, మొక్కులు, తిరుపతి, పొలం పాస్‌బుక్ పని, బ్యాంకు, ఎవరో పోతే పరామర్శ, ఇవే సగం తినేస్తాయి. పూర్తిగా మానలేం. పొద్దున్న పది లోపు మాత్రం ఎవరింటికీ పోకూడదని ఇద్దరూ అనుకోండి, ఆ వేళ పాపది. ఇంకొకటి, ఆయనకి యూనిట్‌లో పొద్దున్నే లేచి, అన్నీ టైముకి, ఒక్క మాటతో అయిపోవడం అలవాటు. రెండేళ్ల పిల్ల చెప్పులేసుకోవడానికే పావుగంట తీసుకుంటుంది. ఆయన విసుక్కుని అరిచేలోపే మీరు మెల్లగా పక్కకి పిలిచి చెప్పండి, పాప ముందు వద్దు.

తిరిగి వెళ్లే రోజు

"పాప పడుకున్నాక వెళ్లు నాయనా, లేకపోతే ఏడుస్తుంది" అంటారు పెద్దవాళ్లు. దీన్ని మాత్రం నేను ఒప్పుకోను. నిద్ర లేచేసరికి మనిషి మాయమైతే పిల్లకి నిద్రంటేనే భయం పట్టుకుంటుంది, మీరు బాత్రూమ్‌కి వెళ్లినా తలుపు కొడుతుంది. మెలకువగా ఉన్నప్పుడే, ఇంటి గుమ్మంలోనే చెప్పించండి. "నాన్న డ్యూటీకి వెళ్తున్నాడు, టాటా." ఏడుస్తుంది, ఏడవనివ్వండి, మీరు ఎత్తుకోండి. స్టేషన్‌కి మాత్రం తీసుకెళ్లకండి, ఆ జనంలో, అర్ధరాత్రి రైలుకి, ఎవరికీ ప్రశాంతత ఉండదు. ఆయన వేసుకున్న టీషర్టు ఒకటి ఉతక్కుండా ఉంచి పాప పక్కలో వేయండి.

తర్వాత ఒకటి రెండు వారాలు రాత్రిళ్లు లేస్తుంది, ఆపేసిన పక్క తడపడం మళ్లీ మొదలెడుతుంది, కొరుకుతుంది, మిమ్మల్ని వదలదు. ఆ రోజుల్లో పాలు మాన్పించడం, పక్క మార్చడం లాంటివి పెట్టుకోకండి. కానీ అంతకుముందు వచ్చిన మాటలు పోయినా, తిండి బాగా తగ్గి బరువు పడిపోయినా నాన్న మీద బెంగేలే అని సరిపెట్టుకోకుండా డాక్టర్‌కి చూపించండి.

పీస్ వస్తే

పీస్ పోస్టింగ్ (ఫ్యామిలీతో ఉండగలిగే పోస్టింగ్) వచ్చి క్వార్టర్ దొరికితే సంతోషమే, కానీ తాళం తీసుకునే ముందు మార్చింగ్ ఇన్, అంటే ఇంట్లో ఏమున్నాయో చూసి అప్పగింత తీసుకోవడం, జాగ్రత్తగా చేసుకోండి. క్వార్టర్లు చూసుకునే ఎంఈఎస్ (మిలటరీ ఇంజనీర్ సర్వీసెస్) వాళ్ల లిస్టులో ఉన్న ప్రతి ఫ్యాన్, కుళాయి, అద్దం చూసి, పగిలినవి రాయించాకే సంతకం పెట్టాలి, లేకపోతే వెళ్లేటప్పుడు మన ఖాతాలో పడతాయి. పిల్ల కళ్లతో కూడా చూడండి: కింద ఉన్న స్విచ్ బోర్డులు, బాల్కనీ ఊచల సందులు, కిటికీ దోమల జాలి, బాత్రూమ్ గడియ. నల్ల ట్రంకు పెట్టెలు లారీలో ఆలస్యంగా వస్తాయి, కాబట్టి పాప దుప్పటి, గిన్నె, చెంచా, ఆ లామినేషన్ ఫొటో, మందులు మీ చేతి సంచిలోనే ఉండాలి. మొదటి రాత్రి అదే దుప్పటి, అదే గిన్నె ఉంటే కొత్త ఇల్లు సగం పాతదవుతుంది.

పక్క క్వార్టర్‌లో ఎవరో పంజాబీ భాభీ, అటు పక్క మలయాళీ కుటుంబం ఉంటారు, పిల్లలు ఆడుకుంటూనే హిందీ పట్టేస్తారు. మీరు ఇంట్లో తెలుగే మాట్లాడండి, లీవ్‌లో అమ్మమ్మతో కబుర్లు చెప్పుకోవాలి కదా. ప్రతి పోస్టింగ్‌కి సంబంధించిన కాగితాలు దాచండి, కేంద్రీయ విద్యాలయంలో సీటుకి గత ఏడేళ్లలో ఎన్ని బదిలీలయ్యాయో చూస్తారు.

ఇంక మీ సంగతి. వారంలో ఒక పూట పాపని నానమ్మకో అమ్మమ్మకో ఇచ్చి బయటికి వెళ్లండి, పని ఉండక్కర్లేదు. జ్వరమొచ్చి ఇద్దరూ పడితే ఎవరొస్తారో ముందే అనుకుని ఉండండి. కంటోన్మెంట్‌లో ఉంటే యూనిట్ ఫ్యామిలీ వెల్ఫేర్ వాళ్లని అడగొచ్చు, అవ్వా (AWWA, ఆర్మీవాళ్ల భార్యల సంక్షేమ సంఘం) 1966 నుంచి ఉన్నది జవాన్ల కుటుంబాల కోసమే, ఆఫీసర్ మేడమ్‌ల ముందు మాట్లాడాలంటే మొహమాటపడకండి. ఊళ్లో ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటుంది, స్థలం గొడవైనా, సర్టిఫికెట్ పనైనా అక్కడ అడగొచ్చు. వెళ్లేటప్పుడు పైన చెప్పిన ఫైలు, డిపెండెంట్ కార్డు జిరాక్సులు రెండు, పాపకి బిస్కెట్లు, ఒక జత బట్టలు తీసుకెళ్లండి, అక్కడ సంతకం పెట్టాల్సినాయన వచ్చేసరికి మధ్యాహ్నం కావచ్చు.